మరమనిషి ఒంటిమీద రంగు దీపాలు

ఈ మధ్య విద్యార్థుల రోబో పోటీలకు వెళ్తే రోబో కంటే ముందు దాని ఒంటిమీది వెలుగు కంటపడుతోంది. చక్రాల కింద నీలికాంతి, చట్రం చుట్టూ ఇంద్రధనుస్సులా పరుగెత్తే రంగులు, తలమీద మిణుకుమిణుకుమనే తెల్లదీపాలు. ఇంజనీరింగు కళాశాలల ఉత్సవాల్లోనే కాదు, పాఠశాలల స్థాయిలోనూ ఇదే వరస. చూడముచ్చటగానే ఉంటుంది. కాని ఈ దీపాల వల్ల రోబోకి ఒరిగిందేమిటి? వాటిని చూసి ఎవరైనా ఏదైనా తెలుసుకుంటున్నారా? ఈ ప్రశ్నలు అడిగేవారు తక్కువ. అడగవలసిన అవసరం మాత్రం చాలా ఉంది.

ఢిల్లీలో మునిర్కా ఈ సంగతి గమనించడానికి అనువైన చోటు. ఒకపక్క జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, మరోపక్క కాస్త దూరంలో ఐ.ఐ.టి. మెట్రోలో మునిర్కా తర్వాత ఆర్.కె.పురం, ఆ తర్వాతిదే ఐ.ఐ.టి. స్టేషను. అద్దెగదుల పేట కావడంతో పోటీలకని మన ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థులు ఇక్కడి సీనియర్ల గదుల్లో దిగుతుంటారు. 2022 ఆగస్టులో ఆసియా-పసిఫిక్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ వారి రోబోకాన్ పోటీ న్యూఢిల్లీలోనే జరిగింది. ఆ ఏటి ఆట పేరు లగోరి, అంటే మన ఏడుపెంకులాట. పెంకులు మాత్రం ఏడుకి బదులు ఐదు. ఒక రోబో బంతి విసిరి దొంతరను పడగొడుతుంది. దాని జతరోబో పెంకుల్ని మళ్లీ పేర్చాలి. ఈలోగా ఎదుటి జట్టు బంతులు విసిరి ఆ పని చెడగొట్టడానికి చూస్తుంది. రోబోకాన్‌లో చాలా ఏళ్లుగా రోబోల విద్యుత్తు 24 వోల్టులు మించకూడదని, మొత్తం బరువు 50 కిలోలు దాటకూడదని కట్టడి ఉంది. ఎర్రటి అత్యవసర స్విచ్చు తప్పనిసరి. ఇంత బిగువైన హద్దుల్లో ప్రతి మోటారుకూ, ప్రతి బోల్టుకూ జట్టు లెక్క చెబుతుంది. దీపాల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు.

ఎల్.ఇ.డి. కథ పాఠకులకు తెలిసిందే కనుక రెండు ముక్కల్లో ముగిస్తాను. కంటికి కనిపించే ఎర్రకాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. ప్రకాశవంతమైన నీలం కోసం మరో ముప్పై ఏళ్లు ఆగవలసివచ్చింది. ఆ నీలానికే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఎరుపు, ఆకుపచ్చలకు నీలం తోడు కావడంతో ఏ రంగైనా పుట్టించవచ్చు. ఇవాళ చాందినీ చౌక్‌లోని లజపత్‌రాయ్ మార్కెట్లో మూర చొప్పున కోసి ఇచ్చే రంగుల పట్టీలో ఒక్కొక్క గింజలోనూ ఈ మూడు డయోడ్లు, వాటిని నడిపే చిన్న చిప్పు ఉంటాయి. దాని పేరు డబ్ల్యు.ఎస్.2812బి. విద్యార్థులు ఎక్కువగా వాడేది ఇదే.

ఈ పట్టీ మీద మామూలుగా వినిపించే ఫిర్యాదులు రెండు. బరువు పెంచుతుందని ఒకటి, బ్యాటరీ తినేస్తుందని మరొకటి. మొదటిది పస లేని మాట. మీటరు పట్టీ బరువెంతని! రెండోది కొంతవరకే నిజం. లెక్కవేసి చూద్దాం. మీటరుకు 60 గింజలున్న పట్టీలో ఒక్కొక్క రంగుకు 20 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే, మూడు రంగులూ నిండుగా వెలిగి తెల్లగా కనిపించేటప్పుడు గింజకు 60 మిల్లీ ఆంపియర్లు. మొత్తం 3.6 ఆంపియర్లు. 5 వోల్టుల దగ్గర ఇది 18 వాట్లు. మంచి కన్వర్టరు వాడితే 11.1 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ నుంచి తీసుకునేది దాదాపు 1.8 ఆంపియర్లు. 2200 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ దీన్ని ఒక గంటకు పైగా భరిస్తుంది. పోటీలో ఒక ఆట నడిచేది కొద్ది నిమిషాలే. కాబట్టి బ్యాటరీ ఖాళీ అయిపోతుందని పెద్దలు చేసే హెచ్చరికను విద్యార్థులు నమ్మకపోవడంలో తప్పులేదు. అసలు నష్టం వేరేచోట ఉంది.

మునిర్కా గ్రామం సందుల్లో, మూడో అంతస్తు గదిలో దిగిన ఒక కళాశాల జట్టు పని చూసే అవకాశం నాకు కలిగింది. నల్లగీత వెంట నడిచే చిన్న రోబో వాళ్లది. పోటీ మర్నాడే. నేలమీద నల్లటేపు అంటించి నడిపిస్తున్నారు. పది అడుగులు బాగానే నడుస్తుంది, ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ప్రోగ్రాములో తప్పుందనుకుని రాత్రంతా దాన్నే తిరగరాశారు. మోటార్లను నడిపే ఎల్298 బోర్డు మీదే 5 వోల్టుల రెగ్యులేటరు ఉంటుంది. దాని నుంచే మైక్రోకంట్రోలరుకూ, అడుగున అంటించిన మీటరు పట్టీకీ విద్యుత్తు ఇచ్చారు. ఆ రెగ్యులేటరు ఇవ్వగలిగేది అర ఆంపియరు. పట్టీ నిండుగా వెలిగితే అడిగేది దానికి ఏడు రెట్లు. పైగా 11 వోల్టుల్ని 5కి దించడంలో అర ఆంపియరుకే 3 వాట్ల వేడి పుడుతుంది. వేడెక్కిన రెగ్యులేటరు తనను తాను కాపాడుకోవడానికి మూతపడుతుంది, దానితోపాటే రోబో మెదడూ మూతపడుతుంది. వలయంలో రంగు తెలుపుకి మారిన ప్రతిసారీ ఇదే జరుగుతోంది. పట్టీ తీగ ఊడదీసి నడిపించమన్నాను. రోబో ఆగకుండా మూడు చుట్లు తిరిగింది. "తీసేస్తే మరీ బోసిగా ఉంటుంది సార్" అన్నాడు వాళ్లలో ఒకడు. ఆ మాటలో అబద్ధం లేదు. బోసిగానే ఉంది. కాని నడుస్తోంది!

ఇక్కడ రెగ్యులేటరు పరిమితి తెలియకపోవడం చిన్న సంగతి, తెలుసుకుంటే పోతుంది. మోటార్ల బ్యాటరీ నుంచి వేరే కన్వర్టరు పెట్టి, రెండింటికీ ఎర్త్ తీగ ఉమ్మడిగా కలిపి, పట్టీ దగ్గర ఒక పెద్ద కెపాసిటర్ వేస్తే ఈ జబ్బు కుదురుతుంది. నన్ను ఆలోచింపజేసింది మరొకటి. రాత్రంతా వాళ్లు ప్రోగ్రామునూ, సెన్సర్లనూ, మోటార్లనూ అనుమానించారు. దీపాల్ని ఒక్కరూ అనుమానించలేదు. అలంకారం కదా, దాని వల్ల ఏమవుతుందిలే అన్న భరోసా. రోబోలో అలంకారమంటూ విడిగా ఏదీ ఉండదు. ఒకే బ్యాటరీ, ఒకే మెదడు, ఒకే చట్రం మీద ఉన్నదంతా యంత్రంలో భాగమే.

రెండో నష్టం ఇంకా గుట్టుగా జరుగుతుంది. ఈ పట్టీకి ఆజ్ఞలన్నీ ఒకే తీగ మీద వెళ్తాయి. గింజకు 24 బిట్లు, ఒక్కొక్క బిట్‌కు 1.25 మైక్రోసెకన్లు. అంటే గింజకు 30 మైక్రోసెకన్లు, అరవై గింజలకు 1.8 మిల్లీసెకన్లు. ఈ బిట్ల కాలవ్యవధి ఏమాత్రం తప్పినా రంగులు చెదిరిపోతాయి. అందుచేత ఆర్డుయినో ఊనో వంటి చిన్న బోర్డుల్లో, ఆ ఆజ్ఞలు పంపినంతసేపూ మైక్రోకంట్రోలరు ఇంటరప్టులన్నిటినీ ఆపేస్తుంది. ఇంట్లో ఎవరో తలుపు తడుతున్నా వినిపించుకోకుండా పూజ చేసుకుంటున్నట్టన్నమాట. చక్రానికి తగిలించిన ఎన్‌కోడర్ సెకనుకు 3000 సంకేతాలు పంపుతోందనుకోండి. 1.8 మిల్లీసెకన్లలో ఐదు సంకేతాలు వస్తాయి. మైక్రోకంట్రోలరు వాటిలో ఒక్కదాన్నే గుర్తుపెట్టుకోగలదు, మిగతావి గాలికి పోతాయి. రంగుల్ని సెకనుకు 50 సార్లు మారుస్తుంటే ప్రతి సెకనులోనూ 90 మిల్లీసెకన్లు రోబోకి చెవుడే. మీటరు నడిచానని రోబో అనుకునేసరికి అది మీటరు దాటిపోయి ఉంటుంది. జ్ఞాపకశక్తి సంగతీ చెప్పాలి. గింజకు 3 బైట్ల చొప్పున 300 గింజలకు 900 బైట్లు కావాలి. ఊనోలో ఉన్న తాత్కాలిక స్మృతి మొత్తం 2048 బైట్లే. దాదాపు సగం రంగులకే చెల్లు. ఈఎస్‌పీ32 వంటి కొత్త బోర్డుల్లో ఈ పనికి విడిగా యంత్రాంగం ఉంటుంది కనుక ఈ ఇబ్బంది అక్కడ చాలావరకు లేదు. అయితే వాటి సంకేతం 3.3 వోల్టులది. 5 వోల్టుల పట్టీ దాన్ని ఒకసారి గుర్తించి, మరోసారి గుర్తించక సతాయిస్తుంది.

మూడోది వెలుగువల్లనే కలిగే చిక్కు. దీని గురించి అతిగా భయపెట్టేవారూ ఉన్నారు. గీతను పసిగట్టడానికి వాడే టి.సి.ఆర్.టి.5000 వంటి సెన్సర్లు పరారుణకాంతితో పనిచేస్తాయి, మామూలు వెలుగును అడ్డే వడపోత వాటికి ఉంటుంది. తెల్ల ఎల్.ఇ.డి.లో పరారుణం దాదాపు ఉండదు కనుక అడుగున పట్టీ వెలిగించినా ఆ సెన్సర్లకు పెద్ద బాధ లేదు. కాని ఎర్రదీపంతో, ఎల్.డి.ఆర్.తో ఇంట్లో చేసుకున్న సెన్సర్లు, రంగును గుర్తించే టి.సి.ఎస్.3200 వంటివి, కెమెరాలు మాత్రం మోసపోతాయి. ఎర్రబంతిని వెతకవలసిన రోబో తన ఎర్రదీపపు నీడనే చూసి దాని వెంట పడితే అది ఎవరి తప్పు?

మన ప్రాంతంలో దీపాల అలంకారానికి పరాకాష్ఠ ఏదంటే నేను కోటప్పకొండ విద్యుత్ ప్రభల్ని చెబుతాను. మహాశివరాత్రి తిరునాళ్లకు పల్నాడు పల్లెల వాళ్లు ఎత్తయిన ప్రభలు కట్టి, వేల బల్బులతో బొమ్మలు వెలిగించి, కొండ దగ్గర నిలబెడతారు. ఆ కళకు నా నమస్కారం. ప్రభ చేయవలసిన పని దూరం నుంచి కనిపించడం. దాని విద్యుత్తుకు వేరే జనరేటరు ఉంటుంది, దాన్ని నడిపే మనుషులు వేరే ఉంటారు. ప్రభ పెంకులు పేర్చదు, గీత వెంట నడవదు. ఆ సీరియల్ సెట్ల అందాన్ని తెచ్చి, అంగుళం మేర తేడా వచ్చినా ఓడిపోయే యంత్రానికి తగిలించి, రెండింటినీ ఒకే గాట కట్టడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. పైన పటారం లోన లొటారం అనే సామెత ఇలాంటి రోబోలకి అతికినట్టు సరిపోతుంది.

అలాగని రోబోకి దీపం అక్కర్లేదనడం నా ఉద్దేశం కాదు. గీతను పట్టుకునే సెన్సరులోనే ఒక దీపం ఉంది. అది రోబోకి కన్నుతో సమానం. దాన్ని ఇంకా తెలివిగా వాడవచ్చు. దీపం ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కాంతిని కొలిచి, రెండోదానిలోంచి మొదటిది తీసివేయాలి. గదిలో ఆర్పినప్పుడు 300, వెలిగించినప్పుడు 520 వస్తే తేడా 220. కిటికీ తెరచి ఎండ పడనిస్తే 600, 820 రావచ్చు. తేడా మళ్లీ 220 దగ్గరే. సెన్సరు ఎండకి పూర్తిగా నిండిపోనంతవరకు ఈ ఉపాయం పనిచేస్తుంది. టీవీ రిమోట్లు తమ పరారుణకాంతిని సెకనుకు 38 వేల సార్లు వెలిగించి ఆర్పడంలోని కిటుకు కూడా ఈ కోవలోదే. అమెరికాలో మొదలైన ఫస్ట్ రోబోటిక్స్ పోటీల్లో జట్లు మరో అడుగు ముందుకు వేశాయి. కొన్నేళ్లపాటు అక్కడ గురిచూడవలసిన చోట, రాత్రి లారీల వెనుక మెరిసే స్టిక్కరు వంటి టేపు అంటించేవారు. అది పడిన కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పిపంపుతుంది. కెమెరా చుట్టూ ఆకుపచ్చ ఎల్.ఇ.డి.ల వలయం పెట్టి, కెమెరాలోకి చేరే వెలుగును బాగా తగ్గిస్తే చుట్టూ అంతా చీకటి, ఆ టేపు ఒక్కటే ఆకుపచ్చగా జ్వలిస్తుంది. ఆ ఆకుపచ్చ వెలుగు ఫొటోల్లో అందంగా కూడా ఉంటుంది, కాదనను. అది అక్కడ ఉండటానికి కారణం మాత్రం అందం కాదు.

దీపం చేయగలిగిన రెండో పని మాట్లాడటం. ఆర్డుయినో కొన్న ప్రతి విద్యార్థీ మొట్టమొదట నడిపే ప్రోగ్రాము, బోర్డు మీది 13వ కాలుకు కలిపిన చిరుదీపాన్ని సెకను వెలిగించి సెకను ఆర్పడం. నేను బతికే ఉన్నానని యంత్రం చెప్పే మొదటిమాట అది. ఆ పాఠాన్ని పెద్ద పోటీలు ఎంత శ్రద్ధగా పాటిస్తాయో చూడండి. ఫస్ట్ పోటీల్లో ప్రతి రోబోకీ ఒక నారింజరంగు దీపం ఉండి తీరాలి. నిలకడగా వెలుగుతుంటే విద్యుత్తు ఉంది, కదలిక లేదని అర్థం. మిణుకుతుంటే ఏ క్షణంలోనైనా కదలవచ్చు, చెయ్యి పెట్టవద్దని అర్థం. రోబోకప్‌లో 2008 నుంచి నావో అనే చిన్న మరమనుషులతో ఫుట్‌బాల్ ఆడిన విభాగంలో ఛాతీమీది దీపం నీలమైతే ఆటగాడు తన చోటికి నడుస్తున్నాడని, పసుపైతే నిలబడి సిద్ధంగా ఉన్నాడని, ఆకుపచ్చైతే ఆడుతున్నాడని, ఎరుపైతే శిక్షపడిందని. రిఫరీ ఈల విన్నాడో లేదో ఆటగాణ్ణి అడగనక్కర్లేదు, ఛాతీ చూస్తే చాలు. 2023 ఫస్ట్ ఆటలో పసుపు శంకువులు, ఊదారంగు ఘనాలు ఉండేవి. మైదానం అంచున నిలుచున్న విద్యార్థి రోబోకి ఏది అందించాలి? చాలా జట్లు రోబోమీద పట్టీ పెట్టి, పసుపు కావాలంటే పసుపు, ఊదా కావాలంటే ఊదా వెలిగించాయి. ఆ హోరులో నోటిమాట వినపడదు. ఇక్కడ వాడింది మన మునిర్కా గదిలో చూసినటువంటి పట్టీయే! చైనాలో డి.జె.ఐ. సంస్థ నడిపే రోబోమాస్టర్ పోటీలో అయితే రోబో కవచం మీద ఎరుపో నీలమో వెలిగే గీతలుంటాయి. అవి జట్టును చెబుతాయి, ఎదుటి రోబో కెమెరా వాటినే చూసి గురిపెడుతుంది.

ఇక న్యాయనిర్ణేతల గురించి. మన కళాశాలల పోటీలు కొన్నింటిలో రూపానికీ ఆకర్షణకూ కొన్ని మార్కులు విడిగా కేటాయిస్తారు. చట్రం నీటుగా ఉందా, తీగలు కుదురుగా కట్టారా, విప్పి సరిచేయడానికి వీలుందా అని చూడటం రూపపరీక్షే. దాన్ని తప్పుపట్టలేం. ఆచరణలో మాత్రం ఆ మార్కులు చాలాసార్లు మెరుపుకే పోతున్నాయి. తీగలు జడలు కట్టిన రోబో చుట్టూ పట్టీ చుడితే, ఆ వెలుగులో జడలు కనిపించవు. పిల్లలు అమాయకులేం కాదు, దేనికి మార్కులు పడతాయో అది చేస్తారు. ఫలానా దీపం దేన్ని తెలుపుతుంది అని నిర్ణేత ఒక్క ప్రశ్న అడిగితే పరిస్థితి మారుతుంది. "ఊరికే, బాగుంటుందని" అన్న జవాబుకు సున్నా వేయనక్కర్లేదు, మార్కు ఇవ్వకుండా ఉంటే చాలు. గ్యాలరీలో చివరి వరసలో కూర్చున్న తల్లిదండ్రులకు తమ పిల్లల రోబో ఏదో తెలియడానికి నిలకడైన ఒక రంగు పెట్టామంటే, నా దృష్టిలో అదీ సరైన జవాబే.

దీపాన్ని మాట్లాడించదలచిన జట్లకు కొన్ని సూచనలు. రంగులు మూడు నాలుగుకు మించితే ఆట వేడిలో ఎవరికీ గుర్తుండవు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని మనుషులు ప్రతిచోటా ఉంటారు, మగవాళ్లలో మరీనూ. అందువల్ల రంగుతోపాటు మిణుకులో కూడా తేడా ఉండాలి. బ్యాటరీ తగ్గితే వేగంగా, గీత తప్పితే నెమ్మదిగా అన్నట్టు. అత్యవసర స్విచ్చు దగ్గర ఎర్రదీపాలు పెట్టవద్దు. రోబో అదుపు తప్పినప్పుడు పరుగెత్తుకొచ్చే చేతికి ఆ ఎర్రటి గుండీ ఒక్కటే కనిపించాలి. పూర్తి ప్రకాశం దాదాపు ఎప్పుడూ అవసరం ఉండదు. నాలుగోవంతుకి తగ్గించినా ఇండోర్ స్టేడియంలో కళ్లకు బాగానే ఆనుతుంది, విద్యుత్తు కూడా దాదాపు ఆ మేరకే తగ్గుతుంది. ఈ పట్టీలు ప్రకాశాన్ని తగ్గించేది సెకనుకు వందలసార్లు వెలిగి ఆరడం ద్వారా. కంటికి తెలియదు కాని, సెల్‌ఫోను వీడియోలో అడ్డచారలుగా కనిపిస్తుంది. దాన్ని చూసి పట్టీ చెడిపోయిందని కంగారుపడి పోటీముందు పీకేసిన వాళ్లను ఎరుగుదును.

మూడు స్థితులు చెప్పడానికి పట్టీ కూడా అక్కర్లేదు. మామూలు ఎల్.ఇ.డి.లు మూడు చాలు. 12 వోల్టుల నుంచి ఎర్రదాన్ని వెలిగించాలంటే, ఎల్.ఇ.డి. తీసుకునే 2 వోల్టులు పోగా మిగిలిన 10 వోల్టుల్ని 20 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 500 ఓములు. అంగట్లో దొరికే 560 ఓముల నిరోధకం వేయండి. ఏ అలంకారమైనా పెట్టదలచుకుంటే ముందు అది లేకుండా రోబోని ఐదుసార్లు నడిపి కాలం కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత దీపాలన్నీ తెల్లగా, నిండుగా వెలిగించి మళ్లీ ఐదుసార్లు నడపండి. రెండు వరసల్లోనూ అంకెలు ఒకేలా ఉంటే పట్టీ ఉంచుకోండి.